పెదనాన్నగారి కోడీ పాడిన వైనం

"ఒరే, ఈ కోడి కూయడం లేదురా" అని పెదనాన్నగారు ఫోన్ చేసినప్పుడు ఆయన దేని గురించి మాట్లాడుతున్నారో అర్థం కావడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. ఆయన దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి, అందులో కోడీ అనే మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్ వేసుకొమ్మని అంతకు వారం ముందు సలహా ఇచ్చింది నేనే. ఏళ్ల తరబడి కూడబెట్టిన 4,000 పైచిలుకు పాటలు ఆయన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. వాటి పేర్లు పెద్ద తెర మీద చూసుకుంటూ, కుర్చీలోంచి లేవకుండా వినాలన్నది ఆయన కోరిక. ఆ సాఫ్ట్‌వేర్ పేరు తెలుగులో రాస్తే చదివేవారికి కోడిపుంజు గుర్తుకు వస్తుందన్న భయంతో నేను చివర దీర్ఘం పెట్టి రాస్తున్నాను గానీ, ఆయనకు అలాంటి పట్టింపులేమీ లేవు.

ఆ రోజు నేను చేసిన మొదటి పొరపాటు, తెలిసినవాళ్లు సాధారణంగా చేసేదే. ఆయన ఏం చూస్తున్నారో అడగకుండా, ఆ సెట్టింగ్ చూడండి, ఈ మెనూ తెరవండి అంటూ ఇరవై నిమిషాలు చెప్పుకుంటూ పోయాను. ఆయన కూడా పాపం "ఆఁ, తెరిచాను" అంటూ వచ్చారు. తీరా చూస్తే మేమిద్దరం వేర్వేరు తెరల గురించి మాట్లాడుకుంటున్నామని తేలింది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. "పెదనాన్నా, మీరేమీ నొక్కకండి. తెర మీద ఏం రాసి ఉందో పైనుంచి కిందిదాకా అక్షరం పొల్లుపోకుండా చదవండి" అన్నాను. ఆయన చదివారు. మెయిన్ మెనూలో మూవీస్, టీవీ షోస్, ఆ తర్వాత వరసగా అన్నీ ఉన్నాయి గానీ 'మ్యూజిక్' అన్న మాటే లేదు.

అదెలా పోయిందో తెలుసుకోవడానికి మరో పది నిమిషాలు పట్టింది. కొత్తగా వేసిన కోడీలో మ్యూజిక్ విభాగం తెరిస్తే, మీ లైబ్రరీ (కోడీ తయారు చేసుకునే పాటల జాబితా) ఇంకా ఖాళీగా ఉందని, ఫైల్స్ విభాగంలోకి వెళ్లి పాటలున్న చోటు చూపించమని ఇంగ్లీషులో ఒక సందేశం వస్తుంది. దాని కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి ఫైల్స్ విభాగంలోకి తీసుకువెళ్లేది, రెండోది ఆ విభాగాన్ని మెయిన్ మెనూ నుంచి తీసివేసేది. ఖాళీగా ఉందన్న మాట చూడగానే ఏదో తప్పు జరిగిందనుకుని, ఆ సందేశాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని ఆయన రెండో బటన్ నొక్కేశారు. సందేశంతో పాటు మ్యూజిక్ కూడా పోయింది. ఇది పెద్ద నష్టమేమీ కాదు. పైన కనిపించే పళ్లచక్రం గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇంటర్‌ఫేస్‌లో స్కిన్ (కోడీ తెరకు వేసే రూపం) దగ్గర 'కాన్ఫిగర్ స్కిన్' తెరిస్తే, మెయిన్ మెనూలో ఏమేం కనిపించాలో ఎంచుకునే వరస ఉంటుంది. అక్కడ మ్యూజిక్‌ను మళ్లీ ఆన్ చేస్తే తిరిగి వచ్చేస్తుంది. నేను చెబుతున్న ఈ పేర్లన్నీ 2017 నాటి 17వ వెర్షన్ నుంచి కోడీతో పాటే వస్తున్న ఎస్చువరీ అనే స్కిన్‌కు సంబంధించినవి. వేరే స్కిన్ వేసుకున్నవారికి ఇవే వస్తువులు మరో మూల కనిపించవచ్చు.

అంతకుముందు ఆయన చేసిన ప్రయత్నం ఇంకొకటి ఉంది. మెనూలో వీడియోస్ అన్నది కనిపిస్తే, అందులోకి వెళ్లి పాటల ఫోల్డర్‌ను అక్కడ చేర్చారు. ఫోల్డర్లు కనిపించాయి, తెరిస్తే లోపల ఏమీ లేదు. డిస్కు చెడిపోయి పాటలన్నీ పోయాయేమోనని ఆ రాత్రి ఆయనకు సరిగా నిద్ర కూడా పట్టలేదట. నిజానికి వీడియోస్ విభాగం వీడియో ఫైళ్లను మాత్రమే చూపిస్తుంది. ఎంపీ3 ఫైళ్లు వెయ్యి ఉన్నా దాని కంటికి ఆనవు. పాటలను మ్యూజిక్ ద్వారానే చేర్చాలన్న సంగతి రోజూ వాడేవాళ్లకు చెప్పనక్కరలేనంత తేలిక విషయం కాబట్టే, కొత్తవాళ్లకు దాన్ని ఎవరూ చెప్పరు.

కొత్తవాళ్లకు కోడీ ఎందుకు అంత అయోమయంగా ఉంటుందో చెప్పాలంటే దాని పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. ఇది 2002లో మొదటి తరం ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రం కోసం ఔత్సాహికులు రాసుకున్న 'ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్'గా మొదలై, తర్వాత 'ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్' అయి, ఎక్స్‌బీఎంసీ అన్న పొట్టిపేరుతో చాలాకాలం నడిచి, 2014లో కోడీ అయింది. అంటే బల్ల ముందు కూర్చుని మౌసుతో వాడడానికి కాక, గది అవతలి మూల నుంచి రిమోట్‌తో నడిపించడానికి తయారైన వస్తువు. మామూలు ప్లేయర్లలో మనం ఫైలు మీద రెండుసార్లు నొక్కుతాం, పాట మొదలవుతుంది. ఇక్కడ వరస తిరగబడుతుంది. పాటలు ఎక్కడున్నాయో ముందు దానికి చెప్పాలి, ఆ తర్వాత అది మనకు చూపిస్తుంది. ఇంకొక మాట కూడా మొదటే చెప్పుకోవాలి. కోడీ తనంతట తానుగా ఒక్క పాట కూడా తీసుకురాదు. మన దగ్గరున్న వాటిని వినిపించడం వరకే దాని పని.

మ్యూజిక్ తిరిగి వచ్చాక అసలు పని మొదలుపెట్టాం. మ్యూజిక్‌లోకి వెళ్లి, ఫైల్స్ తెరిచి, 'యాడ్ మ్యూజిక్' నొక్కితే ఒక పెట్టె వస్తుంది. అందులో 'బ్రౌజ్' నొక్కితే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవులన్నీ కనిపిస్తాయి. ఆయన డిస్కు ఇ డ్రైవుగా కనిపించింది, అందులో 'పాటలు' అన్న ఫోల్డర్ ఉంది. ఒక్కొక్క ఆల్బమ్‌నూ విడిగా చేర్చాల్సిన అవసరం లేదు, అన్నిటికీ తల్లిలాంటి ఆ ఒక్క ఫోల్డర్‌ను చూపిస్తే చాలు. అలాగని మొత్తం డ్రైవును చూపించడం మంచిది కాదు. పాత ఫోన్ల నుంచి దింపుకున్న రింగ్‌టోన్లూ, రికార్డు చేసుకున్న మాటలూ అన్నీ వచ్చి పాటల మధ్యలో కూర్చుంటాయి. ఓకే నొక్కే ముందు ఆ పెట్టె అడుగున కనిపించే దారిని ఒకసారి చదువుకోవాలి. అక్కడ మనం అనుకున్న ఫోల్డర్ పేరు ఉంటేనే ముందుకు వెళ్లాలి.

ఓకే అనగానే, ఈ పాటలను లైబ్రరీలో చేర్చమంటారా అని కోడీ అడుగుతుంది. చాలామంది ఇక్కడ 'ఎస్' నొక్కమంటారు. నేను 'నో' నొక్కమన్నాను. తెలిసి తెలిసి ఎందుకలా చెప్పావని నా స్నేహితుడొకడు తర్వాత అడిగాడు గానీ, నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కొత్తగా మొదలుపెట్టినవారికి ముందుగా ఒక్క పాట వినిపించాలి. ఆ ఒక్క పాట వినిపిస్తే డిస్కు బాగుందని, ఫైలు బాగుందని, తీగ బాగుందని, శబ్దం సరైన చోటుకే వెళుతోందని ఒకేసారి తేలిపోతుంది. లైబ్రరీ అన్నది అటు తర్వాతి సంగతి. రెండూ కలిపి మొదలుపెడితే, పాట రాకపోవడానికి కారణం ఎక్కడుందో వెతకడానికి రెండింతలు చోట్లు ఉంటాయి.

ఆయన ఒక ఫోల్డర్ తెరిచి మొదటి పాట మీద నొక్కారు. "ఏమీ వినపడడం లేదురా" అన్నారు. "సెకన్లు కదులుతున్నాయా?" అని అడిగాను. నన్నడిగితే, ఈ మొత్తం వ్యవహారంలో అడగదగ్గ ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది. పాట పక్కన కాలం కదులుతూ ఉంటే కోడీ ఫైలును చదవగలుగుతోందని, విప్పి శబ్దంగా మార్చగలుగుతోందని అర్థం. ఇక లోపం ఉంటే ఆ శబ్దం చెవిని చేరే దారిలోనే ఉంటుంది. కాలం కదలకుండా వెంటనే ఆగిపోతే మాత్రం ఫైలునే అనుమానించాలి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "పద్నాలుగు, పదిహేను, పదహారు... కదులుతోంది" అన్నారు. అంటే కోడి కూస్తోంది, మనకే వినపడడం లేదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఆడియో తెరిస్తే మొట్టమొదటి వరసలోనే 'ఆడియో అవుట్‌పుట్ డివైస్' ఉంటుంది. ఆయనది ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లకు పెట్టి ఉంది. ఆ స్పీకర్లను ఆయన ఎప్పుడో మ్యూట్ చేసి మరిచిపోయారు. జాబితాలో టీవీ పేరుతో ఉన్న హెచ్‌డీఎంఐని ఎంచుకోగానే టీవీలోంచి పాట ఒక్కసారిగా మోగింది. ఫోన్లో నాకే చెవులు గింగురుమన్నాయి. విండోస్‌లో ఈ జాబితా చూసినవారికి ఒక సందేహం వస్తుంది. ఒకే టీవీ పేరు రెండుసార్లు, ఒకసారి డైరెక్ట్‌సౌండ్ అని, ఇంకొకసారి వసాపి అని కనిపిస్తుంది. విండోస్‌లో శబ్దాన్ని బయటికి పంపే రెండు దారుల పేర్లవి. రెండోది ఎంచుకుంటే కోడీ ఆ శబ్దమార్గాన్ని మొత్తంగా తన అధీనంలోకి తీసుకుంటుంది కాబట్టి, పాట మోగుతున్నంతసేపూ మిగతా ప్రోగ్రామ్‌ల శబ్దం అటు రాకపోవచ్చు. మొదటిసారి పెట్టుకునేవారికి డైరెక్ట్‌సౌండే సుఖం. అదే పేజీలో ఉండే పాస్‌త్రూ అన్నది డాల్బీ, డీటీఎస్ వంటి సినిమా శబ్దాల కోసం ఉద్దేశించింది. మామూలు పాటలకు దాని జోలికి పోనక్కరలేదు. ఎవరైనా చెప్పిన సెట్టింగ్ మీకు కనిపించడమే లేదనుకోండి, ఎడమవైపు అడుగున 'బేసిక్' అనో 'స్టాండర్డ్' అనో ఉన్న చోట నొక్కి చూడండి. 'అడ్వాన్స్‌డ్', 'ఎక్స్‌పర్ట్' అన్న మెట్లకు వెళ్లేకొద్దీ దాగి ఉన్న వరసలు బయటికి వస్తాయి.

రెండో రోజు పొద్దున్నే మళ్లీ ఫోను. నిన్న పాడినవి ఇవాళ లేవట. ఆయన రాత్రి డిస్కును తీసి భద్రంగా అల్మారాలో పెట్టి, పొద్దున మళ్లీ తగిలించారు. ఈలోగా ఒక పెన్‌డ్రైవ్ ముందుగా తగిలించి ఉండటంతో విండోస్ ఇ అన్న అక్షరాన్ని దానికి ఇచ్చేసి, పాటల డిస్కుకు ఎఫ్ ఇచ్చింది. కోడీ మాత్రం తనకు చెప్పిన ఇ డ్రైవులోనే వెతుకుతోంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డిస్కుకు వరసలో బాగా వెనక ఉన్న అక్షరాన్ని, ఆయన విషయంలో ఎమ్‌ను, ఇచ్చి పెడితే ఈ ఇబ్బంది మళ్లీ రాదు. ఆ తర్వాత కోడీలో పాత చోటును తీసేసి కొత్తదాన్ని చేర్చాం. ముందురోజు లైబ్రరీ వద్దని ఆపడం వల్ల కలిగిన లాభం అప్పుడు తెలిసింది. అప్పటికే అన్నీ లైబ్రరీలోకి ఎక్కి ఉంటే ఆ పాత చిరునామాలన్నిటినీ తుడిచి మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది.

మూడో రోజున లైబ్రరీ సంగతికి వచ్చాం. ఇక్కడే కొత్తవారికి నిజంగా అర్థం కావాల్సిన విషయం ఉంది, ఇక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు కూడా. మ్యూజిక్‌లో పాటలను చూసే దారులు రెండు. ఫైల్స్ ద్వారా చూస్తే, డిస్కులో మీరు ఏ ఫోల్డర్‌లో ఏది పెట్టుకున్నారో అలాగే కనిపిస్తుంది. ఆర్టిస్టులు, ఆల్బమ్‌లు, జానర్లు అన్న వరసల ద్వారా చూస్తే కనిపించేది లైబ్రరీ. దీనికి మీ ఫోల్డర్ల పేర్లతో, ఫైళ్ల పేర్లతో పని లేదు. ఒక్కొక్క ఫైలునూ తెరిచి, దాని లోపల దాగి ఉన్న చీటీని చదివి, ఆ చీటీలను బట్టి ఒక జాబితా తయారు చేసుకుంటుంది. పెదనాన్నగారికి పుస్తకాల భాషలో చెబితే వెంటనే తలకెక్కింది. "మీరు పుస్తకానికి అట్ట వేసి దాని మీద పేరు రాసుకున్నారు. ఫైల్స్ చూపించేది ఆ అట్ట మీది పేరు. లైబ్రరీ మాత్రం అట్ట విప్పి లోపలి మొదటి పేజీలో ఏం అచ్చయిందో చూస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే ఆ పుస్తకాన్ని తన జాబితాలో రాసుకోదు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నేను ఇన్నేళ్లూ అట్టల మీదే రాశానన్నమాట" అన్నారు.

ఆ చీటీలనే ట్యాగ్‌లు అంటారు. ఎంపీ3 ఫైళ్లలో ఐడీ3 అన్న పద్ధతి 1996లో వచ్చింది. ఫైలు చివర కచ్చితంగా 128 బైట్లు, అందులో పాట పేరుకు 30 అక్షరాలు, పాడినవారికి 30, ఆల్బమ్‌కు 30. పాత ఫైళ్లలో పొడుగాటి పేర్లు మధ్యలో తెగిపోయి కనిపించడానికి కారణం ఆ ఇరుకే. 1998లో వచ్చిన రెండో పద్ధతి చీటీని ఫైలు మొదట్లో పెట్టి, ఆ హద్దును తీసేసింది. ఎంపీ3 లాగే పాటలు దాచుకునే వేరే రకాలైన ఫ్లాక్, ఆగ్ ఫైళ్లకు వోర్బిస్ కామెంట్స్ అనే వేరే పద్ధతి ఉంది. వాడేవారికి ఈ తేడాలు తెలియనక్కరలేదు, చీటీ లోపల ఏముందో తెలిస్తే చాలు.

లైబ్రరీలోకి ఎక్కించడానికి, ఫైల్స్‌లో మనం చేర్చిన చోటు మీద మౌసు కుడివైపు నొక్కి గానీ, కీబోర్డు మీద సి నొక్కి గానీ, వచ్చే మెనూలో 'స్కాన్ ఐటెమ్ టు లైబ్రరీ' ఎంచుకోవాలి. పై మూల ఒక చిన్న పట్టీ కదులుతూ కొంతసేపు పని చేస్తుంది. అది ముగిశాక ఆయన ఆల్బమ్‌లు తెరిచి చూసి, సంబరపడాల్సింది పోయి చిన్నబుచ్చుకున్నారు. సగానికి దగ్గర్లో పాటలు లైబ్రరీలో లేవు. ఒకే ఆల్బమ్ ఏడుసార్లు ఏడు ముక్కలుగా కనిపిస్తోంది. ఆయనకు అత్యంత ఇష్టమైన గాయకుడు ముగ్గురు మనుషులుగా విడిపోయాడు.

మూడింటికీ మూడు కారణాలు. లేని పాటలు ఎక్కువగా ఆయన సీడీల నుంచి దింపుకున్నవి. 1982లో మార్కెట్లోకి వచ్చిన ఆడియో సీడీలో శబ్దమే తప్ప పాటల పేర్లు ఉండేవి కావు. పేర్లు దాచుకునే సీడీ టెక్స్ట్ అన్న ఏర్పాటు 1996లో వచ్చినా దాన్ని పాటించిన సీడీలు తక్కువ. సీడీని కంప్యూటర్‌లోకి దింపుకునే సాఫ్ట్‌వేర్‌లు, ఆ సీడీలో ఎన్ని పాటలున్నాయి, ఒక్కొక్కటీ ఎంత నిడివి అన్న లెక్కను బట్టి ఇంటర్నెట్‌లోని జాబితాల నుంచి పేర్లు తెచ్చి అతికిస్తాయి. పెదనాన్నగారు దింపుకున్న రోజుల్లో ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. అందుకే ఫైళ్లకు చీటీలే లేవు, ఫోల్డర్ పేర్లు మాత్రం ఆయన ఓపికగా చేత్తో టైపు చేసుకున్నారు. ఇక ఆల్బమ్ ముక్కలు కావడానికి కారణం 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అన్న గడి ఖాళీగా ఉండడం. ఒక్కో పాటను ఒక్కొక్కరు పాడిన ఆల్బమ్‌లో, ఆ గడి ఖాళీగా ఉంటే, పాడినవారిని బట్టి కోడీ దాన్ని వేర్వేరు ఆల్బమ్‌లుగా లెక్కేయవచ్చు. అన్ని పాటలకూ ఆ గడిలో ఒకే పేరు, సంగీత దర్శకుడిదో లేక 'వేరియస్ ఆర్టిస్ట్స్' అనో రాస్తే ముక్కలన్నీ ఒకటవుతాయి. గాయకుడు ముగ్గురు కావడం మరీ చిన్న సంగతి. ఇంటిపేరు పూర్తిగా ఒకచోట, పొడి అక్షరాలుగా ఒకచోట, చుక్కల మధ్య ఖాళీతో మరొకచోట రాసి ఉంది. మనకు అది ఒక మనిషి, యంత్రానికి మూడు వేర్వేరు అక్షరాల వరసలు.

ఈ చీటీలను కోడీలో కూర్చుని సరిచేయాలని చూడవద్దు. ట్యాగ్‌ల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ వాడాలి. విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ అన్నది కొత్తవారికి నేను ముందుగా చెప్పేది. పేరులో ఎంపీ3 ఉన్నా ఫ్లాక్, ఎం4ఏ వంటివాటినీ అది సరిచేస్తుంది. ఒక ఆల్బమ్ ఫోల్డర్‌ను అందులోకి లాగి, అన్ని పాటలనూ ఎంచుకుని, ఎడమ పక్కనున్న గడుల్లో ఆల్బమ్ పేరు, ఆల్బమ్ ఆర్టిస్ట్ పేరు ఒక్కసారి రాసి భద్రపరిస్తే అన్నిటికీ ఎక్కుతుంది. ఫైలు పేరులోనే వరస సంఖ్య, పాట పేరు ఉంటే, ఆ పేరును ముక్కలు చేసి గడుల్లో నింపే ఏర్పాటు కూడా ఉంది. పెదనాన్నగారు అట్టల మీద రాసుకున్న శ్రమ ఊరికే పోలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. ఒక్కో ఫోల్డర్‌కు ఆయనకు పట్టింది రెండు నిమిషాలు. పేర్లు అసలే తెలియని పాటలకు, ఇంటర్నెట్‌లో పాటల వివరాల జాబితా నడిపే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్ అన్న సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. అది పాట శబ్దాన్నే వేలిముద్రలా తీసుకుని, ఇంటర్నెట్‌లోని జాబితాతో పోల్చి చూస్తుంది. అయితే 4,000 పాటలను ఒకేసారి దానికి అప్పగించి పడుకోవద్దు. ఒకే పాట పదిరకాల సంకలనాల్లో వచ్చి ఉంటే, మీకు తెలియని ఏదో సంకలనం పేరు తెచ్చి అతికించగలదు. ఒక్కో ఆల్బమ్ చొప్పున చూసి, సరేననుకున్నాకే భద్రపరచాలి. ఏది మొదలుపెట్టినా అంతకుముందే మొత్తం ఫోల్డర్‌కు ఇంకో డిస్కులో నకలు తీసుకోవాలని నేను పట్టుబట్టాను. ఆయన సణిగారు గానీ తీసుకున్నారు.

ఇక్కడ మాకు ఒక విచిత్రమైన చిక్కు ఎదురైంది. ఆయన ఒక ఆల్బమ్ మొత్తం సరిచేసి, కోడీలో లైబ్రరీని అప్‌డేట్ చేశారు. ఏ మార్పూ లేదు. మళ్లీ చేశారు, మళ్లీ అదే. కోడీ ప్రతిసారీ అన్ని ఫైళ్లనూ తెరిచి చూడదు. ఫోల్డర్‌లోని ఫైళ్ల సైజులూ, అవి ఆఖరున మారిన తేదీలూ గుర్తుపెట్టుకుని, వాటిలో తేడా వస్తేనే లోపలికి వెళుతుంది. ఎంపీ3ట్యాగ్‌లో ఆయన ఎప్పుడో, ట్యాగ్ రాసేటప్పుడు ఫైలు పాత తేదీని అలాగే ఉంచమన్న గడిలో టిక్కు పెట్టుకున్నారు. ఇక సైజు సంగతంటారా, చీటీ పక్కన ముందే కొంత ఖాళీ వదిలి ఉంచుతారు కాబట్టి నాలుగు అక్షరాలు ఎక్కువ రాసినా ఫైలు పెరగలేదు. తేదీ మారలేదు, సైజు మారలేదు, కాబట్టి కోడీ దృష్టిలో ఏమీ జరగలేదు. ఆ టిక్కు తీసి మళ్లీ భద్రపరిస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. 'క్లీన్ లైబ్రరీ' అన్నది డిస్కు తగిలించి లేనప్పుడు నొక్కకూడదు. ఫైళ్లు కనిపించడం లేదు గనుక వాటిని జాబితాలోంచి తీసేయడం దాని ధర్మం.

ఆల్బమ్ బొమ్మల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చీటీలోనే బొమ్మ ఉంటే కోడీ తీసుకుంటుంది, లేకపోతే ఆ ఫోల్డర్‌లో ఫోల్డర్ డాట్ జేపీజీ అన్న పేరుతో ఒక బొమ్మ పెట్టండి.

పాటలు వరసగా మోగించడంలో మాత్రం ఆయనకు ఒక కోపం మిగిలింది. ఒక పాట నడుస్తుండగా ఇంకోటి నొక్కితే మొదటిది ఆగిపోతోంది. తర్వాత వినాలనుకున్న పాట మీద ఎంటర్ నొక్కకుండా, సి నొక్కి వచ్చే మెనూలో 'క్యూ ఐటెమ్' ఎంచుకుంటే అది వరస చివర చేరుతుంది. కీబోర్డు మీద క్యూ అక్షరం నొక్కినా అంతే. స్పేస్ నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే సాగుతుంది, ఎక్స్ నొక్కితే పూర్తిగా ఆగిపోతుంది, ట్యాబ్ నొక్కితే పాట పూర్తి తెరకు వస్తుంది. ఈ అయిదు మీటలూ ఆయన ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించుకున్నారు. ఫోన్లో కోర్ అన్న రిమోట్ యాప్ వేసి ఇచ్చాక, టీవీ తెర వంక చూడనక్కరలేకుండా పాట మార్చుకోవడం అలవాటైంది. దానికి ముందుగా కోడీ సెట్టింగ్స్‌లో సర్వీసెస్, అందులో కంట్రోల్ తెరిచి, హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ వాడకాన్ని అనుమతించి, ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి.

పాత పాటలు సన్నగా, కొత్తవి చెవులు పగిలేలా మోగడం ఇంకో ఫిర్యాదు. దీనికి రీప్లేగెయిన్ అన్న ఉపాయం ఉంది. ఒక్కో పాట ఎంత గట్టిగా ఉందో ముందే కొలిచి, ఆ అంకెను చీటీలో రాసి పెడితే, వినిపించేటప్పుడు దాన్ని బట్టి తగ్గించడమో పెంచడమో జరుగుతుంది, అసలు శబ్దం చెక్కుచెదరదు. కోడీ ఆ అంకెను చదువుతుందే గానీ కొలవదు. ఫూబార్2000 వంటి సాఫ్ట్‌వేర్‌తో కొలిపించి, కోడీ సెట్టింగ్స్‌లో ప్లేయర్, అందులో మ్యూజిక్ దగ్గర ఆన్ చేసుకోవాలి. కలగలిపి వినేవారు ట్రాక్ స్థాయిని, ఆల్బమ్ మొత్తాన్ని వరసగా వినేవారు ఆల్బమ్ స్థాయిని ఎంచుకుంటే బాగుంటుంది.

ఇన్ని చేసినా ఒక ఇరవై ముప్ఫై పాటల దగ్గర సెకన్లు కదలనే లేదు. అవి ఎం4పీ ఫైళ్లు. ఆపిల్ వారి ఐట్యూన్స్ స్టోర్‌లో 2009కి ముందు కొన్న చాలా పాటలకు, ఇతర ప్లేయర్లలో మోగకుండా తాళం వేసి ఇచ్చేవారు. ఆ తాళం ఉన్న ఫైలును కోడీ తెరవలేదు, అందులో మనం సర్దుబాటు చేయగలిగింది ఏమీ లేదు. వాటిని పక్కన పెట్టేశాం.

ఇక మిగిలిన పని, సీడీల నుంచి దింపుకున్న వేవ్ ఫైళ్లది. వేవ్‌లో సీడీ శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచుకుంటారు కాబట్టి నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు అవుతుంది. వేవ్‌లో చీటీలు రాసే పద్ధతిని అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఒకేలా పాటించవు కాబట్టి, ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో కనిపించకపోవచ్చు. అందుకని వాటిని ఫ్లాక్‌లోకి మార్చుకొమ్మని చెప్పాను. నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, చోటు దాదాపు సగానికి వస్తుంది, చీటీలు నమ్మకంగా నిలుస్తాయి. "శబ్దం తగ్గకుండా సైజు ఎలా తగ్గుతుందిరా?" అని ఆయన నమ్మలేదు. ఒక పాటను ఫ్లాక్‌లోకి మార్చి, దాన్ని తిరిగి వేవ్‌లోకి మార్చి, రెండు వేవ్‌ల శబ్దాన్నీ ఫూబార్‌లో బిట్టుకు బిట్టు పోల్చి చూపించాక ఒప్పుకున్నారు. రోజుకు రెండు సీడీల చొప్పున మారుస్తున్నారు. నిన్నటికి పదకొండు ఫోల్డర్లు అయ్యాయట, ఇంకా డెబ్బై దాకా ఉన్నాయి.